ఇంటి ప్రెషర్ వాషర్: మన నీళ్లకు, మన కరెంటుకు, మన బండలకు ఏది నిలుస్తుంది?

నెల్లూరు, ఒంగోలు వైపు మిద్దెలకు పాచి పట్టే కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి సంక్రాంతికి ఇల్లు కడుక్కునే వేళకు మిద్దె నల్లబడి, ప్రహరీ గోడ అడుగు పచ్చబడి, వాకిట్లో బండలు కాలు పెడితే జారేట్టు తయారవుతాయి. చీపురు, బ్లీచింగు పట్టుకుని నడుము వంచి చేసే ఆ పనిని, నీళ్లను గట్టి ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్ నిజంగానే తేలిక చేస్తుంది. కారు, బైకు కడుక్కోవడానికి ఎలాగూ పనికొస్తుంది. కొన్న ఏడాదికే మూలన పడిన వాషర్లను విప్పి చూస్తే మాత్రం తప్పు మెషిన్‌లో కన్నా కొళాయిలోనో, వైరులోనో, కడిగిన పద్ధతిలోనో ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఈ సమీక్షలో మెషిన్‌తో పాటు అవి కూడా ఉంటాయి.

పెట్టె మీద రాసినవి ఎంతవరకు నిజం?

దుకాణంలో మొదట చూపించేది బార్ల అంకె. బార్ అంటే ఒత్తిడికి కొలత, ఒక బార్ సుమారు 14.5 పీఎస్ఐ. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది గరిష్ఠ ఒత్తిడి. పని చేసేటప్పుడు, చేత్తో పట్టుకుని నీళ్లు చిమ్మే గన్ను నుంచి వచ్చే ఒత్తిడి దానికన్నా తక్కువే. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో విడిగా రాసి ఉంటుంది. 110 బార్ అని అమ్మే మెషిన్ పనిలో 70, 80 దగ్గర నడవడం మామూలే. కారుకూ బైకుకూ అది చాలు, ఇంకా ఎక్కువే.

అంకె అబద్ధమో నిజమో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 0.6తో భాగిస్తే, ఆ నీటిని అంత ఒత్తిడితో నెట్టడానికి ఎన్ని వాట్లు కావాలో వస్తుంది. జర్మనీ కంపెనీ కార్చర్ చిన్న మోడలు కే2 మీద 110 బార్, గంటకు 360 లీటర్లు, 1400 వాట్లు అని ఉంటుంది. గంటకు 360 అంటే నిమిషానికి 6. లెక్క వేస్తే 1100 వాట్లు వస్తాయి. మోటారు తీసుకునేది 1400 కాబట్టి అంకెలు పొసుగుతాయి. బాష్ యూనివర్సల్ ఆక్వాటాక్ 125 కూడా అంతే: 125 బార్, 360 లీటర్లకు 1250 వాట్లు కావాలి, మోటారు 1500. ఇప్పుడు పేరు తెలియని పెట్టె మీద 220 బార్, నిమిషానికి 8 లీటర్లు, 2000 వాట్లు అని ఉందనుకోండి. లెక్క ప్రకారం 2900 వాట్లకు పైగా కావాలి. తీసుకునే కరెంటు కన్నా ఎక్కువ పని ఏ మోటారూ చెయ్యదు. అలాంటి పెట్టెను అక్కడే వదిలేసి రండి. బార్లు తప్పు రాసినవాళ్లు మోటారు లోపలి రాగి తీగ విషయంలో నిజాయితీగా ఉంటారని నమ్మలేం.

రెండో తేడా మోటారుది. ఆరు నుంచి ఎనిమిది కిలోల బరువుండి, ఒక చేత్తో ఎత్తగలిగేవన్నీ దాదాపు కార్బన్ బ్రష్ మోటారువే, అంటే లోపల తిరిగే భాగానికి కార్బన్ ముక్కలు కరెంటు అందించే రకం. వేగంగా తిరుగుతాయి, గోల ఎక్కువ, పక్కింటికీ వినపడుతుంది. వీటిని 15, 20 నిమిషాలు నడిపి పది నిమిషాలన్నా ఆపాలి. బ్రష్‌లు అరిగితే మార్చుకోవాలి. ధర సుమారు 6,000 నుంచి 10,000 రూపాయల మధ్య. ఆ బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారువి బరువు, ధర రెట్టింపో అంతకన్నా ఎక్కువో, కానీ శబ్దం తక్కువ, ఎక్కువసేపు నడుస్తాయి, ఆయుష్షు ఎక్కువ. కార్చర్‌లో కే4 నుంచి నీళ్లతో చల్లబడే మోటారు వస్తుంది: కే4 1800 వాట్లు, 130 బార్, గంటకు 420 లీటర్లు, కే5 2100 వాట్లు, 145 బార్, 500 లీటర్లు.

మిద్దె కడగాలనుకునేవాళ్లు చూడాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. కార్చర్ తన మెషిన్లు గంటకు ఎంత స్థలం కడుగుతాయో చెబుతుంది: కే2 అయితే 20 చదరపు మీటర్లు, కే5 అయితే 40. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే 93 చదరపు మీటర్లు. కే2తో నాలుగున్నర గంటల పైన, 1,670 లీటర్ల నీళ్లు. కే5తో రెండు గంటల ఇరవై నిమిషాలు, 1,160 లీటర్లు. గంటకు ఎక్కువ నీళ్లు తాగే మెషినే మొత్తం మీద తక్కువ నీళ్లతో ముగిస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉన్న ఇంట్లో ఈ తేడా చాలా పెద్దది. చిన్న మెషిన్‌తో మిద్దె కడిగేవాళ్లు ఒక్క రోజులో పూర్తి చెయ్యాలనుకోకుండా మూడు నాలుగు ఉదయాలకు పంచుకోవాలి.

మా తీర్పు ఇది. ఒక కారు, ఒకటి రెండు బైకులు, వాకిలి, మెట్లు, కిటికీ దోమతెరలు ఉన్న ఇంటికి కే2 గానీ ఆక్వాటాక్ 125 గానీ సరిపోతుంది. వీటిలో బాష్‌కు ఆరు మీటర్ల పైపు, గన్ను కొనకు పెట్టే, తిప్పితే మూడు రకాలుగా చిమ్మే నాజిల్ కలిసి రావడం అనుకూలం. పొట్టి పైపుతో వచ్చే మోడళ్లతో కారు చుట్టూ తిరగాలంటే నీళ్లలో మెషిన్‌ను లాక్కుంటూ తిరగాలి, అది ఇబ్బందే కాదు, ప్రమాదం కూడా. పెద్ద మిద్దె, పొడవాటి ప్రహరీ, ట్రాక్టరు, ట్రాలీ ఉన్న ఇంటికి ఇండక్షన్ మోటారుదే తీసుకోండి. చిన్నది కొని ఏడాదికి కాల్చుకుంటే మిగిలేదేమీ లేదు.

తోట ఉన్నవాళ్లకు ఒక మాట. గూడూరు వైపు నిమ్మతోటలు, ఉలవపాడు వైపు మామిడితోటలు ఉన్న ఇళ్లలో మందు కొట్టే హెచ్‌టీపీ పంపు ముందే ఉంటుంది. ఊళ్లో వాటర్ సర్వీసింగ్ షాపుల్లో బెల్టు మీద తిరిగేదీ ఆ జాతిదే. ఒత్తిడి 20 నుంచి 40 బార్లే, కానీ నీళ్లు నిమిషానికి 20 లీటర్ల పైన వస్తాయి. ట్రాక్టరు చక్రాలకు పట్టిన నల్లరేగడి బురద ఊడదియ్యడానికి చిన్న వాషర్ కన్నా అదే మేలు. నీళ్లు మాత్రం సంపులో దండిగా ఉండాలి. పురుగుమందు తిరిగిన పైపుతో, గన్నుతో కారు లోపలి భాగాలు గానీ, తాగునీటి ట్యాంకు గానీ, పశువుల తొట్టి గానీ కడగొద్దు. ఎన్నిసార్లు కడిగినా రబ్బరు పైపులో మందు వాసన నిలిచే ఉంటుంది.

కొనక ముందు కొళాయి దగ్గర ఒక్క నిమిషం

ఈ మెషిన్ల సొంత ఊరు జర్మనీ. ఇంట్లో ఎత్తి తిప్పుకోగలిగే తొలి వాషర్‌ను కార్చర్ 1984లో హెచ్‌డీ 555 పేరుతో తెచ్చింది. అక్కడ వీధి పైపు నుంచి ఒత్తిడితో వచ్చే నీటికి తగ్గట్టు ఇవి తయారయ్యాయి. మనకు మిద్దె మీద ట్యాంకు నుంచి నీళ్లు వాటి బరువుకు అవే దిగాలి. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్. ఒక అంతస్తు ఇంట్లో ట్యాంకు అడుగుకూ వాకిట్లో కొళాయికీ మధ్య నాలుగు మీటర్లుంటే 0.4 బార్ మాత్రమే. దానికి తోడు లోపల పాత అరంగుళం పైపు, ఉప్పు పేరుకున్న వాల్వు ఉంటే ధార సన్నబడుతుంది.

పది లీటర్ల బకెట్టు కొళాయి కింద పెట్టి ఫోనులో టైము చూడండి. చిన్న వాషర్‌కు 75 సెకన్ల లోపు నిండాలి, కే5 లాంటి దానికి 60 సెకన్ల లోపు. తోటకు వాడే పైపు తగిలించి, దాని చివర నుంచి పట్టి చూస్తేనే సరైన లెక్క. అంతకన్నా ఆలస్యమైతే పంపు అడిగినన్ని నీళ్లు అందవు, నీళ్లతో పాటు గాలి లాగుతుంది. గన్ను నుంచి ధార దడదడలాడుతూ ఆగి ఆగి వస్తుంది, పంపులో గులకరాళ్లు తిరుగుతున్నట్టు చప్పుడొస్తుంది. ఈ చప్పుడును పట్టించుకోకుండా నడిపితే నీళ్లు కారకుండా ఆపే లోపలి సీళ్లు పోతాయి. వారంటీలో కూడా దీన్ని వాడకం తప్పుగానే రాస్తారు.

ధార చాలకపోతే మెషిన్ మార్చాల్సిన పని లేదు. 200 లీటర్ల డ్రమ్ము అడుగున ముప్పావు అంగుళం వాల్వు పెట్టించి, దాన్ని మెషిన్ కన్నా ఎత్తులో, గట్టి అరుగు మీద నిలబెట్టి అక్కడి నుంచి ఇవ్వండి. నిమిషానికి ఆరు లీటర్లు వాడే మెషిన్‌కు ఒక డ్రమ్ము అరగంట పైనే వస్తుంది. బకెట్టు నుంచి, సంపు నుంచి మెషినే నీళ్లు లాక్కుంటుందని రాసి ఉంటే అది అర మీటరు లోతు వరకే అనుకోండి. అప్పుడు కూడా జాలీ, నాన్‌రిటర్న్ వాల్వు ఉన్న సక్షన్ పైపు కావాలి, ఆ పైపును ముందు నీళ్లతో నింపి తగిలించాలి. భూమిలోకి రెండు మీటర్లు దిగిన సంపు నుంచి ఏ ఇంటి వాషరూ నీళ్లు లాగలేదు.

నీటి రకం కూడా చూడాలి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలుసు, కానీ మెషిన్‌ను బాధపెట్టేది ఫ్లోరైడ్ కాదు, కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి ఉండే సున్నం లాంటి లవణాలు. వాడి పక్కన పెట్టాక లోపల నీళ్లు ఆరి, తెల్లటి పొర వాల్వుల మీద గట్టిపడుతుంది. ఆరు నెలల తర్వాత స్విచ్చు వేస్తే మోటారు హుమ్మంటుంది గానీ తిరగదు. సముద్రం వైపు, అంటే కొత్తపట్నం, సింగరాయకొండ, మైపాడు దిక్కున బోరు ఉప్పగా ఉంటే అల్యూమినియం పంపు తల గుంటలు పడి తినిపోతుంది. అక్కడ ఇత్తడి తల ఉన్న పంపు దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా తీసుకోండి. రెండు చోట్లా మందు ఒకటే: పని అయ్యాక రెండు నిమిషాలు మంచినీళ్లతో నడిపి, లోపలి నీళ్లు వంచేసి పెట్టడం. రొయ్యల గుంట నీళ్లు, కాలువ నీళ్లు నేరుగా ఎప్పుడూ పెట్టొద్దు.

కొత్త బోరుకు సన్నటి ఇసుక వస్తుంది. మెషిన్‌తో వచ్చే చిన్న జాలీ అందులో కొంతనే ఆపుతుంది. కొళాయికి, మెషిన్‌కు మధ్య విప్పి కడుక్కునే ఫిల్టరు ఒకటి విడిగా పెట్టుకోండి. పంపు ప్రాణం దాని మీదే ఉంది.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. చాలా ఇంటి వాషర్లలో లోపలికి వెళ్లే నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదని పుస్తకంలో రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ నెలల్లో ఏడు గంటల లోపు కడగండి. ఎండలో కాలిన బానెట్టు మీద నీళ్లు పడితే మరకలు కూడా కట్టుకుంటాయి కాబట్టి కారుకూ అదే మంచిది.

కరెంటు

1500 వాట్లంటే 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు. ఫ్యాను, లైటు బోర్డులోని చిన్న ప్లగ్గుకు పెట్టొద్దు, పవర్ ప్లగ్గే కావాలి. వాకిలి దాకా ఎక్స్‌టెన్షన్ వేస్తే పది మీటర్ల లోపు ఒకటిన్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు, అంతకు మించితే రెండున్నర స్క్వేర్, మూడు తీగలదే. చుట్ట చుట్టిన డ్రమ్ము ఎక్స్‌టెన్షన్‌ను పూర్తిగా విప్పి పరచాలి. చుట్టలో ఉంటే వైరు లోపల కాలిపోతుంది. సన్నటి వైరు వేసినా, వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ 200 కిందకు పడినా ఇండక్షన్ మోటారు మొదలవ్వలేక మూలుగుతుంది. రెండు సెకన్లలో తిరగకపోతే వెంటనే ఆపెయ్యండి, అలాగే పట్టుకుని ఉంటే వైండింగు పోతుంది.

కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఈ మెషిన్ వాడొద్దని గట్టిగా చెబుతున్నాం. తడి నేల, తడి చెయ్యి, పక్కనే మోటారు. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్చు వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. ఇసుక నేలల్లో వేసవికి ఎర్తు గుంట ఎండిపోతుంది, అప్పుడప్పుడూ ఒక బిందె నీళ్లు పొయ్యండి. ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ కలిసే చోటు నేల మీద కాకుండా కుర్చీ మీదో కిటికీ అంచునో ఉండాలి.

మొదలుపెట్టడం, ఆపడం

వరస తప్పితే పంపుకు దెబ్బ. ముందు పైపులన్నీ బిగించి, కొళాయి పూర్తిగా తిప్పి, మెషిన్ ఆఫ్‌లో ఉండగానే గన్ను నొక్కి పట్టుకోండి. మొదట గాలి బుడగలు, చీలిన ధార వస్తాయి. నిండుగా, ఒకే తీరుగా నీళ్లు కారేదాకా, అంటే నిమిషం దాకా ఆగండి. అప్పుడు గన్ను వదిలి, నాజిల్ పెట్టి, స్విచ్చు వెయ్యండి. ఆపేటప్పుడు స్విచ్చు, ఆ తర్వాత కొళాయి, ఆ తర్వాత గన్ను నొక్కి లోపల మిగిలిన ఒత్తిడి వదలడం. ఈ చివరిది మరిచి పైపు విప్పబోతే మర బిగుసుకుపోయి రాదు. బలవంతం చేస్తే అతుకులో నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు తెగుతుంది.

గన్ను వదలగానే మోటారు ఆగిపోవడం ఈ మెషిన్ల మామూలు లక్షణం. ఆగింది కదా అని అలాగే వదిలి టిఫిన్‌కు వెళ్లొద్దు. లోపల ఒత్తిడి నిలిచే ఉంటుంది, ఎక్కడైనా చుక్క కారితే మోటారు దానంతట అదే మొదలవుతుంది.

కొత్తవాళ్లు నాజిల్ రంగులు, ధార విచ్చుకునే కోణాలు గుర్తుపెట్టుకుంటే చాలు: ఎరుపు సున్నా డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బుకు. ఇంట్లో ఎరుపుతో పని లేదు, దాన్ని తీసి దాచెయ్యండి. తెలుపు వాహనాలకు, ఆకుపచ్చ బండలకు. గిరగిర తిరిగే టర్బో నాజిల్ గట్టి సిమెంటు గచ్చు మీద తప్ప ఎక్కడా వాడొద్దు.

ఏ చోట ఎలా కడగాలి

మిద్దె, వాకిలి విషయంలో ఒట్టి ఒత్తిడిని నమ్ముకోవడం పొరపాటు. పాచి పైన ఊడుతుంది, సిమెంటు రంధ్రాల్లో వేరు మిగిలి మళ్లీ రెండు వానలకే పచ్చబడుతుంది. ముందు లీటరు నీళ్లకు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైన తేరిన నీళ్లు పాచి మీద చల్లి 15, 20 నిమిషాలు నాననివ్వండి. ఎండిపోకుండా సాయంత్రం పూట చేస్తే మంచిది. తర్వాత ఆకుపచ్చ నాజిల్‌తో, నేలకు 25, 30 సెంటీమీటర్ల ఎత్తున, ఏటవాలుగా, నీళ్లు పోయే తూము వైపుకు నెట్టుకుంటూ రండి. పాచి చచ్చి ఉంటుంది కాబట్టి సమయం, నీళ్లు బాగా తగ్గుతాయి. బ్లీచింగు నీళ్లు వాషర్ సబ్బు డబ్బాలో పొయ్యొద్దు, సీళ్లను తినేస్తుంది. బాత్రూము యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. తూము నీళ్లు కుండీల్లోకి, వాన నీటి గుంతలోకి పోతుంటే ముందే మళ్లించండి.

మిద్దె మీద తెల్లటి చలువ రంగు గానీ వాటర్‌ప్రూఫ్ పూత గానీ ఉంటే ధార ఒకే చోట నిలపొద్దు. అంచు ఒక్క చోట లేచిందంటే ధార కిందకు దూరి అట్టలు అట్టలుగా లేపుతుంది. తెలుపు నాజిల్, అర మీటరు దూరం. పెంకులు పరిచిన పాత మిద్దెలకైతే ధార సందుల వెంట కాక సందులకు అడ్డంగా నడపాలి. లేకపోతే సందుల్లోని సిమెంటు కొట్టుకుపోయి వచ్చే వానకు గదిలో చెమ్మ దిగుతుంది. పార్కింగు టైల్స్ మధ్య పోసిన ఇసుకకూ అదే గతి. కడిగి ఆరాక మళ్లీ ఇసుక చల్లి ఊడవాలి.

బండల్లో అన్నీ ఒకటి కావు. చీమకుర్తి గ్రానైటు గట్టిది, ధారకు ఏమీ కాదు, కానీ పాలిష్ చేసిన నల్ల గెలాక్సీ మీద పాచి పట్టదు కాబట్టి వాషర్ అవసరమే లేదు, తడిగుడ్డ చాలు. కడప బండలు ఆకుపచ్చ నాజిల్‌ను తట్టుకుంటాయి. జాగ్రత్త పడాల్సింది మార్కాపురం పలక రాయి దగ్గర. పలకలు తీసే రాయి అంటేనే పొరలు పొరలుగా విడిపోయే రాయి. గోడలకు అందానికి అంటించిన ఆ రాయి అంచుకు ధార తగిలితే పొర రేగి చీలుతుంది, మళ్లీ అతకదు. తెలుపు నాజిల్, అర మీటరు పైన దూరం, ఎదురుగా, అంచుల జోలికి వెళ్లకుండా. అసలు మెత్తటి బ్రష్షు, సబ్బు నీళ్లే దానికి మేలు.

గోడలకు 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దూరం. పుట్టీ మీద వేసిన రంగు ఉబ్బిన చోట ఊడిపోతుంది. కొత్త రంగు వెయ్యబోతుంటే అది మంచిదే, ఊడేదంతా ఊడాలి. అయితే కడిగాక బాగా ఎండేదాకా నాలుగైదు రోజులు పెయింటు ముట్టొద్దు. మీటరు బాక్సు, కాలింగ్ బెల్, బయటి లైట్లు, కిటికీ పట్టాల సందులు కడిగే జాబితాలో లేనట్టే.

కారుకు ముందు తడిపి, సబ్బు నురుగు పట్టించి, ఐదు నిమిషాలు ఆగి, ఎండకముందే పైనుంచి కిందకు కడగాలి. 40, 50 సెంటీమీటర్ల దూరం. టైరు పక్క గోడకు 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరకు వెళ్లొద్దు, లోపలి దారాలు దెబ్బతిన్నది పైకి కనపడదు. డెంటు తీసి రంగేసిన బంపరు, స్టిక్కర్లు, తలుపు రబ్బర్లు, ముందున్న రేడియేటరు రెక్కలు, వీటికి నేరుగా ధార వద్దు. సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చిన బండికి అడుగు భాగం ఆ రోజే మంచినీళ్లతో కడగాలి. గట్టి నీళ్లున్న చోట కడగడం కన్నా తుడవడం ముఖ్యం: చివరగా ఆర్వో ప్లాంటు డబ్బా నీళ్లు ఒకటి మగ్గుతో పోసి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే తెల్ల మచ్చలుండవు. కిరోసిన్, డీజిల్ కొట్టి కడగడం మానుకోండి, రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి.

బైకుకు చల్లారాకే నీళ్లు. సైలెన్సరు నోటికి కవరు కట్టి, చక్రాల ఇరుసులు, స్టీరింగు మెడ, మీటరు, తాళం రంధ్రం, ఎయిర్ ఫిల్టరు వదిలి మిగతాది కడగండి. బేరింగు సీలు దాటి నీళ్లు పోతే గ్రీజు తెల్లబడి కొన్ని నెలలకు చక్రం ఊగుతుంది. చైనుకు కడిగిన రోజే నూనె. ఎలక్ట్రిక్ స్కూటరు మీద ఐపీ67 అని ఉంటే అది నీళ్లలో మునగడం గురించిన పరీక్ష. ఒత్తిడి ధార గురించి కాదు. ఛార్జింగు రంధ్రం, బ్యాటరీ కనెక్టర్ల వైపు గన్ను తిప్పొద్దు.

ఏసీ బయటి యూనిట్ రెక్కలు ధారకు పడుకుంటాయి, తోట పైపు చాలు. 2024లో పీఎం సూర్యఘర్ మొదలయ్యాక చాలా మిద్దెల మీదకు సోలారు పలకలు వచ్చాయి. వాటి మీద వాషర్ వాడొద్దు. అంచు సీలు పోతే చెమ్మ లోపలికి దిగుతుంది, వారంటీ పోతుంది. ఉదయం పలక చల్లగా ఉన్నప్పుడు మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్లు.

ఒక హెచ్చరిక విడిగా. ఈ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. బూట్లు లేకుండా, చెప్పులతో కడిగేవాళ్ల పాదాలకు తగిలే గాయం పైకి సూది గుచ్చినంతే కనపడుతుంది. లోపల మురికి నీళ్లు కండలోకి వెళ్లి ఉంటాయి. నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ ధార తగిలిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. మూసిన బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లల చేతికి గన్ను ఇవ్వొద్దు, కుక్కను దీనితో కడగొద్దు.

చెడితే ఎక్కడ చూడాలి

ధార బలహీనమైతే ముందు లోపలి జాలీ, తర్వాత నాజిల్. నాజిల్ రంధ్రంలో ఒక్క ఇసుక రేణువు చాలు, సూదితో తీసి వెనక నుంచి నీళ్లు పొయ్యండి. తెల్ల పొర కట్టి ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానబెడితే కరుగుతుంది. గన్ను వదిలినా మోటారు ఆగి ఆగి మొదలవుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం: గన్ను, పైపు అతుకుల ఓ-రింగులు చూడండి, అవి బాగుంటే పంపు లోపలి వాల్వు. మోటారు నడుస్తూ సగంలో ఆగి, పావుగంటకు మళ్లీ పనిచేస్తే వేడికి కట్ అయింది. కార్బన్ బ్రష్ మెషిన్‌లో నిప్పురవ్వలు ఎక్కువై, కాలిన వాసనొస్తే బ్రష్‌లు అరిగాయి. పంపు అడుగున పాల రంగులో నూనె కనపడితే సీలు పోయి నీళ్లు కలిశాయి, ఇక నడపకుండా సర్వీసుకు ఇవ్వండి.

అందుకే కొనేటప్పుడు దుకాణంలో మూడు ప్రశ్నలు అడగండి. సర్వీసు సెంటరు ఈ ఊళ్లోనే ఉందా, చెన్నైకో విజయవాడకో పంపాలా? పైపు, గన్ను విడిగా దొరుకుతాయా? అతుకు ఏ రకం? 22 ఎంఎం మర ఉన్నవైతే బయట పైపులు దొరుకుతాయి, కానీ లోపలి పిన్ను 14 ఎంఎం, 15 ఎంఎం అని రెండు రకాలు. కలిపి చూసుకోకపోతే ఎంత బిగించినా కారుతుంది. కంపెనీకి మాత్రమే సరిపోయే క్లిప్పు రకమైతే పైపు ధర ముందే కనుక్కోండి. ఇంటికని కొన్నది వాటర్ సర్వీసింగ్‌కు వాడితే వారంటీ వర్తించదు.

అదనంగా నాలుగు ఓ-రింగులు, ఒక జత కార్బన్ బ్రష్‌లు మెషిన్‌తో పాటే కొని పెట్టుకోండి. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు రాయండి, వాహనాల గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. సంక్రాంతి నుంచి వచ్చే వానల దాకా మూలన పెట్టేటప్పుడు నీళ్లు పూర్తిగా వంచి, పైపును పెద్ద చుట్టగా చుట్టి, ఎలుకలు వైరు కొరకని ఎత్తులో పెట్టండి. నెలకోసారి తీసి నీళ్లు పెట్టి రెండు నిమిషాలు నడిపితే సీళ్లు అంటుకుపోవు.